‘గూగుల్ ఫస్ట్ పేజీలో పెడతాం’ అని ఫోన్ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఈ ఫ్రీ టూల్స్‌లో మీ వెబ్‌సైట్ రిపోర్ట్ చూసుకోండి!

“సార్, మీ వెబ్‌సైట్ గూగుల్‌లో ఎక్కడా కనిపించట్లేదు. నెలకు కొంత కడితే చాలు, ఫస్ట్ పేజీలో నంబర్ వన్‌గా పెడతాం.” వెబ్‌సైట్ ఉన్న చిన్న వ్యాపారులకు ఈ తరహా ఫోన్లు కొత్తేం కాదు. కొందరు కట్ చేస్తారు, కొందరు భయపడి డబ్బు కడతారు. కానీ ఇద్దరికీ తెలియని విషయం ఒకటుంది. ఆ ఫోన్ చేసిన వ్యక్తి చెప్పింది నిజమా కాదా అన్నది గూగులే ఉచితంగా చూపిస్తుంది. కాకపోతే ఆ రిపోర్ట్ తెరిచే తాళం ఓనర్ చేతిలో ఉండాలి.

బడంగ్‌పేట్‌నే తీసుకోండి. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయిన ఈ ప్రాంతం, 2025 డిసెంబర్‌లో శివార్లలోని మరో 26 పట్టణ స్థానిక సంస్థలతో పాటు జీహెచ్ఎంసీలో కలిసింది. బాలాపూర్, మీర్‌పేట్, నాదర్‌గుల్ చుట్టూ కొత్త కాలనీలు వెలిశాయి. కొత్తగా వచ్చిన కుటుంబానికి ప్లేస్కూల్ కావాలన్నా, డయాగ్నస్టిక్ సెంటర్ కావాలన్నా, గృహప్రవేశానికి షామియానా కావాలన్నా పక్కింటివాళ్లను అడిగే పరిచయం ఇంకా ఉండదు. చేతిలో ఉన్న ఫోన్‌నే అడుగుతారు. ఆ క్షణంలో షాపు కనిపించకపోతే బేరం దిల్‌సుఖ్‌నగర్‌కో, ఎల్బీ నగర్‌కో పోయినట్టే.

బడంగ్‌పేట్‌లో ఒక టెంట్ హౌస్ ఉందనుకోండి. తెలిసిన కుర్రాడితో వెబ్‌సైట్ చేయించారు. ఏడాదైనా దాని ద్వారా ఒక్క ఫోన్ కూడా రాలేదు. తప్పు ఎక్కడుంది? రూపాయి ఖర్చు లేకుండా ఎలా కనిపెట్టాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు ఒక్క నిమిషం టెస్ట్

గూగుల్ సెర్చ్ బాక్స్‌లో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. మీ పేజీలు వరుసగా వస్తే వెబ్‌సైట్ గూగుల్ లిస్టులో ఉన్నట్టే. అంటే “ఎక్కడా కనిపించట్లేదు” అన్న మాట అబద్ధం. సమస్య వెనకబడి ఉండటమే తప్ప, అసలు లేకపోవడం కాదు. ఒక్క పేజీ కూడా రాకపోతే మాత్రం ఎక్కడో అడ్డు పడి ఉండొచ్చు. ఈ టెస్ట్ పైపైన తెలుసుకోవడానికే. అసలు లెక్క తేలేది సెర్చ్ కన్సోల్‌లో.

ఏంటీ సెర్చ్ కన్సోల్?

2005లో ‘గూగుల్ సైట్‌మ్యాప్స్’ పేరుతో ఈ సర్వీస్ మొదలైంది. మరుసటి ఏడాది ‘వెబ్‌మాస్టర్ టూల్స్’ అయింది. వెబ్‌సైట్ నడిపేవాళ్లంతా వెబ్‌మాస్టర్లు కారని, అందులో చిన్న వ్యాపారులు కూడా ఉన్నారని చెబుతూ 2015లో ‘సెర్చ్ కన్సోల్’గా పేరు మార్చారు. ఇప్పటికీ పూర్తిగా ఫ్రీ. జీమెయిల్ అకౌంట్ ఉంటే చాలు.

ఇది వెబ్‌సైట్‌కు ప్రోగ్రెస్ కార్డు లాంటిది. జనం ఏ మాటతో వెతికితే మీ సైట్ కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఏ పేజీ గూగుల్‌కు అందలేదు, సైట్ హ్యాక్ అయిందా అన్నవన్నీ ఇందులో ఉంటాయి.

తాళం ఎవరి దగ్గరుంది?

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడో, ఏజెన్సీయో తమ జీమెయిల్‌తోనే డొమైన్ కొంటారు, తమ అకౌంట్‌తోనే సెర్చ్ కన్సోల్ ఓపెన్ చేస్తారు. రెండేళ్ల తర్వాత ఆ కుర్రాడు ఫోన్ ఎత్తడు. షాపు మీదే అయినా తాళం పక్కవాడి జేబులో ఉన్నట్టు.

అందుకే మొదటి పని ఇది. డొమైన్ రిజిస్ట్రేషన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉందో లేదో చూసుకోండి. తర్వాత మీ జీమెయిల్‌తో సెర్చ్ కన్సోల్‌లోకి వెళ్లి వెబ్‌సైట్‌ను యాడ్ చేయండి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ‘డొమైన్’ ఎంచుకుంటే సైట్ మొత్తం కవర్ అవుతుంది. దీనికి గూగుల్ ఇచ్చే కోడ్‌ను డొమైన్ కొన్న కంపెనీ అకౌంట్‌లో, డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో పేస్ట్ చేయాలి. ‘యూఆర్ఎల్ ప్రిఫిక్స్’ అయితే గూగుల్ ఇచ్చే చిన్న ఫైల్‌ను సైట్‌లో పెట్టినా సరిపోతుంది.

డొమైన్ మీ చేతిలో ఉంటే పాత ఏజెన్సీని బతిమాలాల్సిన పని లేదు. మీరే విడిగా వెరిఫై చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘యూజర్స్ అండ్ పర్మిషన్స్’ తెరిస్తే ఎవరెవరికి యాక్సెస్ ఉందో కనిపిస్తుంది. పని చేసేవాళ్లకు ‘ఫుల్ యూజర్’ హోదా ఇస్తే చాలు, ‘ఓనర్’ మాత్రం మీరే ఉండాలి. పాత ఓనర్‌ను తీసేసేటప్పుడు వాళ్లు సైట్‌లో పెట్టిన వెరిఫికేషన్ కోడ్ కూడా తీసేయాలి. లేదంటే మళ్లీ లోపలికి రాగలరు.

నాలుగు అంకెలు, అసలు కథ

‘పెర్ఫార్మెన్స్’ రిపోర్ట్ తెరిస్తే నాలుగు అంకెలుంటాయి. ఇంప్రెషన్స్ అంటే సెర్చ్ ఫలితాల్లో మీ సైట్ ఎన్నిసార్లు కనిపించిందో. క్లిక్స్ అంటే ఎన్నిసార్లు నొక్కారో. సీటీఆర్ అంటే కనిపించిన ప్రతి వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారో. యావరేజ్ పొజిషన్ అంటే సగటున ఎన్నో స్థానంలో వచ్చిందో.

మన టెంట్ హౌస్‌కు నెలలో 1,000 ఇంప్రెషన్స్, 10 క్లిక్స్ వచ్చాయనుకోండి. సీటీఆర్ 1 శాతం. పొజిషన్ 6 ఉంటే సైట్ కంటికి కనిపిస్తోంది కానీ జనం నొక్కట్లేదు. అంటే మార్చాల్సింది టైటిల్, దాని కింద వచ్చే రెండు లైన్లు. ‘హోమ్’ అనో, ‘వెల్‌కమ్’ అనో టైటిల్ ఉంటే ఎవరు నొక్కుతారు? అదే పొజిషన్ 45 ఉంటే సమస్య వేరు. ఆ సెర్చ్‌కు తగ్గ సమాచారం పేజీలోనే లేదేమో చూడాలి. ఇంప్రెషన్స్ సున్నా అయితే పేజీ గూగుల్‌కు అందిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒకే లక్షణం, మూడు వేర్వేరు జబ్బులు. రిపోర్ట్ చూడకుండా మందు వేయడం వల్లే డబ్బు వృథా అయ్యేది.

ఇంకో సంగతి. 2024 ఆగస్టు నుంచి భారత్‌లో గూగుల్ సెర్చ్‌లో ఏఐ ఓవర్‌వ్యూస్ వస్తున్నాయి. సమాధానం పైనే దొరికితే కొందరు కింద సైట్‌ను నొక్కరు. కాబట్టి ఇంప్రెషన్స్ అలాగే ఉండి క్లిక్స్ తగ్గితే, తప్పంతా మీ పేజీదే కాకపోవచ్చు.

‘ఈవెంట్ సొల్యూషన్స్’ అని ఎవరు వెతుకుతారు?

‘క్వెరీస్’ ట్యాబ్‌లో జనం టైప్ చేసిన మాటలు యథాతథంగా కనిపిస్తాయి. అసలు పాఠం దొరికేది ఇక్కడే. ఓనర్ సైట్ నిండా ‘కంప్లీట్ ఈవెంట్ సొల్యూషన్స్’ అని రాయించి ఉంటాడు. జనం వెతికేది మాత్రం ‘టెంట్ హౌస్ నియర్ మీ’, ‘కుర్చీలు కిరాయికి’, ‘షామియానా రేటు’. షాపు కౌంటర్ దగ్గర వినిపించే మాట వెబ్‌సైట్‌లో లేకపోతే, ఆ వెతికేవాళ్లకు ఈ సైట్ పనికొస్తుందని గూగుల్‌కు తెలిసే దారి తక్కువ.

ఊరి పేరు సంగతీ అంతే. ఒకరు బడంగ్‌పేట్ అంటారు, ఇంకొకరు బడంగ్‌పేట అంటారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు మరికొందరు. అన్ని స్పెల్లింగులూ పేజీలో కుక్కాల్సిన పని లేదు, చిన్న తేడాలను గూగుల్ పట్టుకోగలదు. పూర్తి అడ్రస్, కాలనీ పేరు, దగ్గర్లోని గుర్తు, ఏయే ఏరియాలకు సామాను పంపిస్తారు అన్నవి మామూలు మాటల్లో ఒకచోట రాస్తే చాలు.

ఒకవేళ ఈ లిస్టులో మాటలు తక్కువగా కనిపిస్తే కంగారు పడొద్దు. చాలా కొద్దిమంది మాత్రమే వెతికిన మాటలను వ్యక్తిగత గోప్యత కోసం గూగుల్ దాచేస్తుంది. చిన్న సైట్లకు ఇది సహజం.

బాలాపూర్ లడ్డూ చెప్పే లెక్క

సెర్చ్‌కు కూడా సీజన్ ఉంటుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలం, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు, 2025లో 35 లక్షలకు చేరింది. ఏటా నిమజ్జనం రోజున జరిగే ఈ వేలం చుట్టూ ఉండే సందడి టెంట్ హౌస్‌కు కూడా సీజనే. మండపాలు, లైటింగ్, కుర్చీల కోసం వెతుకులాట చవితికి ముందే మొదలవుతుంది.

కానీ ఇక్కడో చిక్కుంది. వినాయక చవితి 2024లో సెప్టెంబర్ 7న వస్తే, 2025లో ఆగస్టు 27నే వచ్చేసింది. 2026లో మళ్లీ సెప్టెంబర్ 14. కాబట్టి ఒక ఏడాది ఆగస్టును ఇంకో ఏడాది ఆగస్టుతో పోల్చి “ట్రాఫిక్ పడిపోయింది” అని ఎవరైనా భయపెడితే అది తప్పు లెక్క. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల డేటా ఉంటుంది. ‘కంపేర్’ ఆప్షన్‌లో పండగకు ముందు మూడు వారాలను, పోయినేడాది పండగకు ముందు మూడు వారాలతో పోల్చుకోవాలి. ఆషాఢంలో ఇంప్రెషన్స్ తగ్గితే సైట్ పాడైందని కాదు, పెళ్లి ముహూర్తాలు లేవని అర్థం.

ఏ మాటకు ఏ నెలలో గిరాకీ ఉందో చూడాలంటే ‘గూగుల్ ట్రెండ్స్’ ఉంది. 2006 నుంచి నడుస్తున్న ఈ టూల్ కూడా ఫ్రీ. ఒక్క కాలనీ స్థాయిలో లెక్క దొరకదు కానీ, తెలంగాణ అని ఎంచుకుంటే సీజన్ ఎప్పుడు ఎక్కుతుందో తెలుస్తుంది. పండగ పేజీని చవితి ముందు రోజు కాదు, నెలన్నర ముందే సిద్ధం చేసుకోవచ్చు.

ఒక్క టిక్ మార్క్ ఏడాది ముంచొచ్చు

ఇక ‘పేజెస్’ రిపోర్ట్. ఏ పేజీ గూగుల్ లిస్టులో చేరింది, ఏది చేరలేదు, ఎందుకు చేరలేదు అన్నది ఇక్కడ ఉంటుంది. ‘ఎక్స్‌క్లూడెడ్ బై నోఇండెక్స్ ట్యాగ్’ అని ఉంటే, మీ సైటే “నన్ను చూపించొద్దు” అని గూగుల్‌కు చెబుతోందన్నమాట. వర్డ్‌ప్రెస్ సైట్లలో ‘సెట్టింగ్స్’లో ‘రీడింగ్’ అనే చోట, సెర్చ్ ఇంజిన్లను రానివ్వొద్దని చెప్పే ఒక టిక్ బాక్స్ ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు టిక్ పెట్టి, పూర్తయ్యాక తీయడం మర్చిపోతే అంతే సంగతులు. టెంట్ హౌస్‌కు ఏడాదిగా ఫోన్ రాకపోవడానికి కారణం ఆ ఒక్క టిక్ కూడా కావచ్చు. తీయడానికి పట్టేది పది సెకన్లు.

‘నాట్ ఫౌండ్ 404’ అంటే ఆ అడ్రస్‌లో పేజీ లేదు. ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అంటే గూగుల్ వచ్చి చూసింది కానీ ప్రస్తుతానికి లిస్టులో పెట్టలేదు. అలాంటి పేజీలో రెండు లైన్లు, కాపీ కొట్టిన మాటలే ఉన్నాయేమో చూసుకోవాలి. సరిచేశాక పైనున్న ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’ బాక్స్‌లో ఆ పేజీ అడ్రస్ పెట్టి ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ నొక్కాలి. ఫలితానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. రోజుకు పదిసార్లు నొక్కినంత మాత్రాన పని త్వరగా అవదు.

ఫోన్‌లో తెరుచుకునేలోపు కస్టమర్ వెళ్లిపోతే?

కంప్యూటర్‌లో బాగానే ఉందని సంబరపడితే సరిపోదు. గూగుల్ ప్రధానంగా లెక్కలోకి తీసుకునేది సైట్ మొబైల్ వెర్షన్‌నే. 2016లో ప్రకటించిన ఈ మార్పు పూర్తయిందని 2023 అక్టోబర్‌లో ప్రకటించింది.

‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో అడ్రస్ పెడితే మొబైల్ రిపోర్ట్ వస్తుంది. మూడు కొలతలు గుర్తుపెట్టుకోండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. బటన్ నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. చదువుతుండగా పేజీ ఎగిరెగిరి పడకూడదు, ఆ కొలత 0.1 దాటకూడదు. స్కోర్ 100కు 100 రావాలన్న రూలేం లేదు.

ఇలాంటి సైట్లలో ముందుగా చూడాల్సింది ఫొటోలు. ఫోన్‌తో తీసిన మండపం ఫొటోలను ఒక్కోటి నాలుగైదు ఎంబీల సైజులో అలాగే పెట్టేస్తారు. ‘స్క్వూష్’ లాంటి ఉచిత టూల్‌లో సైజు తగ్గించి పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

మీ షాపు పేరు కింద జపాన్ అక్షరాలు?

సైట్ పేరు కొట్టి వెతికితే కింద జపనీస్ అక్షరాల్లో ఏవేవో సరుకుల పేజీలు రావడం ఒక తెలిసిన హ్యాకింగ్ పద్ధతే. ఓనర్‌కు హోమ్ పేజీ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. ‘సెక్యూరిటీ ఇష్యూస్’ రిపోర్ట్‌లో ఇలాంటివి బయటపడతాయి, గూగుల్ ఈమెయిల్ కూడా పంపుతుంది. ఇలాంటి హ్యాకర్లు కొన్నిసార్లు సెర్చ్ కన్సోల్‌లో తమనే ఓనర్‌గా చేర్చుకుంటారు. ‘కొత్త ఓనర్ చేరారు’ అని మెయిల్ వస్తే పక్కన పడేయొద్దు. ఆ మెయిల్ రెండేళ్ల కింద వెళ్లిపోయిన కుర్రాడి ఇన్‌బాక్స్‌కు పోతే? తాళం గొడవ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

విజిటింగ్ కార్డు మీద పాత అడ్రస్ ఉందా?

మ్యాప్స్‌లో షాపు కనిపించేలా చేసేది ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’. ఇదీ ఉచితమే. గతంలో దీంతో పాటే గూగుల్ ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఫ్రీగా ఇచ్చేది. ఆ సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. జూన్ 10 వరకు ఆ అడ్రస్ కొట్టినవాళ్లను ప్రొఫైల్‌కు మళ్లించింది, తర్వాత అదీ ఆగింది. షాపు బోర్డు మీద, పెళ్లి పత్రికల వెనక యాడ్‌లో, విజిటింగ్ కార్డులో ‘బిజినెస్ డాట్ సైట్’ అని చివర్లో ఉంటే ఆ లింక్ ఇప్పుడు పనిచేయదు. ఒకసారి చెక్ చేసుకోండి.

మ్యాప్స్ ఫలితాల్లో గూగుల్ చూసేవి మూడని ఆ కంపెనీయే చెబుతోంది. వెతికిన పనికి మీ షాపు సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర నిలబడి వెతికే మనిషికి బడంగ్‌పేట్ షాపు అన్నింటికన్నా ముందు రాకపోతే అది లోపం కాదు, దూరం. దానికోసం షాపు పేరులోనే ‘బెస్ట్ ఇన్ ఎల్బీ నగర్’ అని తగిలించినా, డబ్బులిచ్చి రివ్యూలు రాయించినా నిబంధనలకు విరుద్ధం. ప్రొఫైల్ సస్పెండ్ కూడా కావచ్చు. కర్మన్‌ఘాట్, చంపాపేట్, సరూర్‌నగర్ అంటూ ఊరి పేరు మాత్రమే మార్చి ఒకే పేజీని పదిసార్లు పెట్టడాన్ని కూడా గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది.

గూగుల్ ఒక్కటేనా?

మైక్రోసాఫ్ట్‌కు కూడా ‘బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్’ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈవో కాకముందు చూసిన బాధ్యతల్లో ఈ బింగ్ ఇంజినీరింగ్ కూడా ఉంది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో వెరిఫై అయిన సైట్‌ను ఇందులోకి నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. సైట్‌లోకి వచ్చినవాళ్లు ఎక్కడ నొక్కుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది మైక్రోసాఫ్ట్ ‘క్లారిటీ’ చూపిస్తుంది. ఇవీ ఫ్రీనే.

వారానికి 15 నిమిషాలు చాలు

రోజూ కూర్చుని చూడాల్సిన పని లేదు. సోమవారం షాపు తెరిచాక ఇవి చూస్తే సరిపోతుంది.

• సెర్చ్ కన్సోల్ నుంచి హెచ్చరిక మెయిల్ ఏమైనా వచ్చిందా?

• ‘పేజెస్’లో ముఖ్యమైన పేజీ ఏదైనా లిస్టు నుంచి పోయిందా?

• ‘క్వెరీస్’లో కొత్త మాట ఏదైనా కనిపిస్తోందా? దానికి సమాధానం మన సైట్‌లో ఉందా?

• ఇంప్రెషన్స్ ఎక్కువుండి క్లిక్స్ తక్కువున్న పేజీ ఏది?

• బిజినెస్ ప్రొఫైల్‌లో టైమింగ్స్, ఫోన్ నంబర్ సరిగ్గా ఉన్నాయా?

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. తేదీ డైరీలో రాసుకోండి. మూడు, నాలుగు వారాలాగి అంకెలు చూడండి. ఒకేరోజు పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఈ టూల్స్ మంత్రాలేం కావు. సెర్చ్ కన్సోల్ ఉన్నంత మాత్రాన ర్యాంక్ పెరగదు. థర్మామీటర్ జ్వరాన్ని తగ్గించదు కదా, ఎంతుందో చెబుతుంది. సైట్‌ను సరిచేయడానికి నిపుణులు అవసరం కావచ్చు, మంచి పని చేసే ఏజెన్సీలూ ఉన్నాయి. కానీ నంబర్ వన్ ర్యాంక్‌కు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, మామూలు సెర్చ్ ఫలితాల్లో స్థానం కోసం డబ్బు తీసుకోమని గూగులే స్పష్టంగా చెబుతోంది. డబ్బు కడితే వచ్చేవి ప్రకటనలు. వాటి పక్కన ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉంటుంది.

కాబట్టి ఈసారి ఆ ఫోన్ వస్తే కట్ చేయాల్సిన పని లేదు, భయపడాల్సిన పని అంతకన్నా లేదు. మూడు ప్రశ్నలు అడగండి. “ఏ మాటకు కనిపించట్లేదు? ఏ పేజీ? పోయిన మూడు నెలల్లో దానికి ఇంప్రెషన్స్ ఎన్ని?” ఆ లెక్క అవతలి వ్యక్తి దగ్గర ఉండదు. మీ ఫోన్‌లో ఉంటుంది.